బొడ్డమ్మ నాలుగేళ్ల కడుపు

నౌపడాలో పెద్ద రైలు దిగి టెక్కలి వైపు చిన్న రైలు ఎక్కేవాళ్లకు అప్పట్లో ఒక అలవాటుండేది. పెట్టెల్లో చోటు లేకపోతే ఉప్పు బస్తాలు వేసే బండిలో ఎక్కి కూర్చునేవారు. గార్డు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆ రోజు నేనూ అలాగే ఎక్కాను. బస్తాల మీద నాకంటే ముందే ముగ్గురున్నారు. ఒక ముసలామె, నలభైకి దగ్గరపడుతున్న మగమనిషి, వాళ్లిద్దరి మధ్య ఒక ఆడమనిషి. మామూలు పెట్టె గుమ్మంలోంచి ఆమెను ఎక్కించడం కుదరక ఇందులో ఎక్కించారట.

ఆమె మెడ, చేతులు ఎండుపుల్లల్లా ఉన్నాయి. కడుపు మాత్రం మోకాళ్ల మీదికి దిగి, ఎవరో తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి మరిచిపోయిన మూటలా ఉంది. రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది. పట్టుకున్నట్టు లేదు, చేతులు పెట్టుకోవడానికి ఇంకెక్కడా చోటు లేనట్టుంది.

ఉప్పు పండించే కొటారుల్లో పనికి వెళ్లే మనిషొకతె మా వెనకాలే ఎక్కి, ఆమెను చూసి సర్దుకుని కూర్చుని అడిగింది.

"ఎన్నో నెలమ్మా?"

"నెల్లేటి! యేళ్లు సెప్పాల," అంది ముసలామె. "నాలుగో యేడు నడత్తన్నాది."

"అమ్మో! నాలుగేళ్ల కడుపా? ఏనుగుని మోత్తన్నాదేటి?"

"నవ్వకు. ఆగిపోనాది. అలగ ఆగినోళ్లు మా యెనకటోళ్లలో ఉన్నారు. టైమొత్తే లెగుత్తాది."

కొటారు మనిషి నవ్వడం మానేసి, తన కొంగు ముడిలో ఉన్న అరటిపండు తీసి ఆ కడుపుమనిషి చేతిలో పెట్టింది. ఆమె దాన్ని తీసుకుని, తినకుండా, పక్కనున్న మగమనిషికిచ్చింది. అతను దాన్ని వాళ్లమ్మకిచ్చాడు. టెక్కలి వచ్చేదాకా ఆ పండు ముసలామె చేతిలోనే ఉంది.

ఆమె బొడ్డమ్మ. మగమనిషి ఆమె భర్త గున్నయ్య. ముసలామె గున్నయ్య తల్లి అసిరమ్మ. ముగ్గురూ వస్తున్నది నేను తిరిగి వెళ్తున్న చోటికే.

టెక్కలి శివార్లలో అప్పట్లో ఒక చిన్న మిషను ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు. పెంకుటింటి రెండు గదులు, ఒక పొడవాటి వసారా, వెనక బావి. అక్కడి డాక్టరు ఒక దొరసాని. ఆమెకు తెలుగు నేర్పడానికి నన్ను కుదుర్చుకున్నారు. నేనెక్కడా ఒక ఏడాది నిలిచినవాణ్ని కాను. గంజాంలో ఒడియా పిల్లలకు తెలుగు చెప్పాను, మందస కొండల్లో సవరలతో కలిసి జీలుగు కల్లు తాగాను, రంగూను ఓడలో సరంగులకు ఉత్తరాలు చదివిపెట్టాను. ఎక్కడ ఏ అచ్చుకాగితం దొరికినా చదివేవాణ్ని. మందుసీసాకి చుట్టిన కాగితమైనా సరే. ఆ ఆసుపత్రిలో దొరసాని బీరువాలో శస్త్రవైద్యం పుస్తకాలుండేవి. ఆమె భోజనానికి వెళ్లినప్పుడు అవి తిరగేసేవాణ్ని. మనుషుల్ని కోసే పద్ధతుల మీద బొమ్మలతో సహా అంత రాశారే, కోయించుకునేవాళ్ల గురించి ఒక్క పేజీ కూడా కనబడలేదు. వాళ్లకు వయసు, ఆడో మగో అన్న ఒక మాట, చివర 'బతికెను' లేక 'మరణించెను'. అంతే.

అది విషజ్వరం వచ్చి పోయిన మరుసటి ఏడాది. ఉద్దానం ఊళ్లలో శవాలను మోయడానికి మనుషులు లేక, మోసినవాళ్లే మర్నాడు పోయిన ఏడాది అది. ఆ తరవాత కొంతకాలం ఆ పక్క జనంలో ఏడుపు కూడా తగ్గిపోయింది. చచ్చిపోయారని చెబితే, ఎప్పుడని అడిగి తమ పనిలోకి వెళ్లిపోయేవారు.

బొడ్డమ్మ వాళ్లది అక్కుపల్లికి పడమరగా ఇసకనేలల్లో, కొబ్బరితోటల మధ్య ఉన్న పల్లె. చేపల వాళ్లది కాదు, సాగు వాళ్లది. కొబ్బరి, పనస, వాటి కింద చోళ్లు, అంటే రాగులు. ఆ పల్లెలో కొత్తతోట వేసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. గోతులు మగవాళ్లు తవ్వుతారు. గోతిలో ఉప్పు, బూడిద వేసి, మొలకెత్తిన కాయను దించేది మాత్రం ఆడమనిషి. అదీ కన్నతల్లి. బిడ్డ బతికుందా పోయిందా అన్నది అక్కర్లేదు, కడుపున మోసి కన్నదైతే చాలు. కనని చెయ్యి దించిన చెట్టు గెల వెయ్యదని వాళ్ల నమ్మకం.

గున్నయ్య పెళ్లాం అయినప్పటినుంచి పన్నెండు పదమూడేళ్లపాటు, తమ సొంత తోటలో గోతులు తీసిన ప్రతిసారీ, బొడ్డమ్మ ఉప్పు బుట్ట మోసుకొచ్చి గట్టు మీద పెట్టి దూరంగా నిలబడేది. పక్కింటి ఆడది వచ్చి కాయ దించేది. ఎవరూ ఏమీ అనేవారు కారు. అనాల్సిన అవసరం ఉండేది కాదు.

గున్నయ్య మేనమామ సన్యాసయ్యకు ఒక కూతురుంది. అసిరమ్మకు స్వయానా తమ్ముడి కూతురు. మేనరికం. పిల్ల పెద్దదవుతున్నకొద్దీ సన్యాసయ్య రాకపోకలు ఎక్కువయ్యాయి. ఇక మంచిరోజు చూడటమే తరువాయి అన్నప్పుడు బొడ్డమ్మకు నెల తప్పింది. కడుపు కనబడింది. సన్యాసయ్య రావడం మానేశాడు. తొమ్మిది నెలలు గడిచాయి, ఏడాది గడిచింది, కడుపు పెరుగుతూనే ఉంది. కడుపుతో ఉన్న పెళ్లాం ఉండగా రెండో పెళ్లి ఎవరు చేస్తారు? సన్యాసయ్య పిల్లకు వేరే సంబంధం ఖాయం చెయ్యలేదు, చూడటం మాననూ లేదు. అలా నాలుగేళ్లు.

చివరికి బొడ్డమ్మ పడుకుంటే ఊపిరాడక, కూర్చునే నిద్రపోయే దశకొచ్చింది. ముద్ద దిగడం మానేసింది. అప్పుడు బయల్దేరారు.

దొరసాని ఆమెను పడుకోబెట్టలేక, దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టి చూసింది. చేతివేళ్లతో కొట్టి చూసింది, చెవి ఆనించి చాలాసేపు విన్నది. పక్కన నర్సు కాంతం. ఈమెది సోంపేట పక్క పల్లె, చిన్నప్పుడే మిషనులో చేరి చదువుకుంది. దొరసాని తెలుగు జనానికి అర్థం కానప్పుడు కాంతమే దిక్కు. ఆ తెలుగు నేను నేర్పిందే కాబట్టి తప్పు నాది కూడా.

"ఇందులో శిశువు లేదు," అంది దొరసాని, వసారాలోకి వచ్చి. "ఇది గ్రంథి."

"ఏటంటన్నాది?" అన్నాడు సన్యాసయ్య. అతను కబురు తెలిసి పలాస నుంచి ఆ మధ్యాహ్నమే దిగాడు.

"బిడ్డ కాదంట. గెడ్డంట," అంది కాంతం.

"కాదేటి?" గున్నయ్య తల్లివైపు చూశాడు. "కదులుతాది గదమ్మా? అది సెప్పింది గదా కదిలిందనీసి?"

దొరసాని అర్థం చేసుకుని బొడ్డమ్మ వైపు తిరిగింది. "కదిలినదా?"

బొడ్డమ్మ గోడవైపు చూస్తోంది.

"నా సేతికింద కదిలింది," అంది అసిరమ్మ. "ఇదో, ఈ సేతికింద. ఒక పాలి కాదు, రెండు పాలి కాదు. నాను తొమ్మండుగురిని కన్నదాన్ని, నాకు తెలీదేటి?"

సన్యాసయ్య అక్క ముఖంలోకి చూశాడు. "అప్పా, డాకటరమ్మ కాదంటన్నాది కదా."

"డాకటరమ్మ కన్నాదేటి?"

దొరసానికి పెళ్లి కాలేదు. కాంతం ఆ మాటను ఆమెకు ఇంగ్లీషులో చెప్పలేదు.

ఆ సాయంత్రం పాఠం చెప్పడానికి కూర్చున్నాను. దొరసాని పుస్తకం తెరవలేదు. "ఈమెను కోసిన చనిపోవచ్చును, కోయకున్న తప్పక చనిపోవును. దీనిని వారికి ఎట్లు చెప్పవలెను?" అంది. నేను వాక్యం చెప్పాను. ఆమె రెండుసార్లు పలికి చూసుకుంది. తరవాత ఇంకొకటి అడిగింది. "నా చేతిలో చనిపోవచ్చును, అని ఎట్లు చెప్పవలెను?" ఆ వాక్యంలో మార్చాల్సిందేమీ లేదని చెప్పాను. ఆమె తలూపింది. అంతకుముందు చలికాలంలో, ఇలాంటి కడుపుతోనే బారువ ఊరినుంచి వచ్చిన ఆడమనిషి బల్ల మీదే పోయింది. అంత బరువు ఒక్కసారి పోతే గుండె తట్టుకోదట. ఆ తరవాత చాలారోజులు ఆసుపత్రికి జనం రాలేదు. దొరసాని రోజూ ఉదయం గౌను తొడుక్కుని, ఖాళీ వసారాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచేది.

ఆ వాక్యం ఆమె గున్నయ్యకు చెప్పింది. గున్నయ్య తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

"కొయ్యండి," అన్నాడు. "కానీ లోపల్నుంచి వచ్చింది నానే సూడాల. బిడ్డయితే మాకియ్యాల. మా యెనకటి మొక్కు ఉన్నాది, మా నేల్లో పాతుకుంటాం."

"బిడ్డ కాకపోతే?" అంది కాంతం.

సన్యాసయ్య మాట్లాడాడు, నెమ్మదిగానే. "కాకపోతే, నాలుగేళ్లు మమ్మల్ని ఎదవల్ని సేసినట్టే కదమ్మా. ఇంటో పిల్లని పెట్టుకుని నాను నాలుగేళ్లు కూకున్నాను."

ఆ మాటలు లోపలికి వినిపించాయి. బొడ్డమ్మ ముఖంలో ఏ మార్పూ లేదని కాంతం తరవాత నాతో చెప్పింది. ఆమె అడిగింది ఒకటే.

"సెల్లీ, కోసినప్పుడు నానక్కడే ఉంటానా?"

"ఉంటావు. తెలీదు నీకు. మందు పీలుస్తావు, నిద్దరోతావు."

"నిద్దరోయి లెగకపోతే?"

"దేవుడి దయ."

"లెగిస్తే?" అని అడిగి, కాంతం చెయ్యి పట్టుకోకుండా, గొంతు తగ్గించకుండా, ఊళ్లో వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. "అదెప్పుడూ కదల్లేదు సెల్లీ. నాలుగేళ్లలో ఒక్కపాలి కూడా కదల్లేదు. కదిలిందని సెప్పినాను. నానే సెప్పినాను. ఆయన సెయ్యి తెచ్చి పెట్టి, ఇదో కదిలింది అన్నాను."

"మరి మీ అత్త కదిలిందంటన్నాది?"

"ఏమో," అంది బొడ్డమ్మ. "ఆమె కూడా సెప్తన్నాది."

మర్నాడు ఉదయం బల్ల సిద్ధం చేశారు. తెల్లగుడ్డలు ఉడకబెట్టిన పెద్ద గంగాళంలోంచి ఆవిరి వసారాలోకి వస్తోంది. అసిరమ్మ కోడలికి గంజి పట్టబోతే కాంతం లాక్కుని పారబోసింది. ఆ రభస ఒకటి.

"కాళీ కడుపుతో సంపుతారేటి నా కోడల్ని?"

"అదే కడుపుని కాళీ సెయ్యడానికే కదా నువ్వు తెచ్చింది. కూకో మామ్మా."

క్లోరోఫారం గురించి పుస్తకాల్లో చాలా చదివాను. దాని వాసన తియ్యగా ఉంటుందంటారు. నేనైతే ఆ సీసా తెరిస్తే బావి దగ్గరికి వెళ్లిపోయేవాణ్ని. మనిషి ముక్కు మీద గుడ్డ వేసి చుక్కలు వేస్తూ అంకెలు లెక్కపెట్టమంటారు. లెక్క తప్పితే నిద్రపోయినట్టు. బొడ్డమ్మకు అంకెలు రావు. కాంతం ఆమెను, మీ ఊరినుంచి రైలు ఎక్కిన చోటుదాకా దారి చెప్పమంది. బొడ్డమ్మ చెప్పింది. మా తోట, సిన్నోడి కళ్లం, ఇసకదిబ్బ, మొగలి కంచె, వజ్రపుకొత్తూరు, వంతెన... రైలెక్కిన పూండి రాకముందే ఆగిపోయింది.

బయట వసారాలో గున్నయ్య, సన్యాసయ్య, అసిరమ్మ, నేను. కొంతసేపటికి తోటీ ఒక బాల్చీ మోసుకుంటూ లోపల్నుంచి వచ్చి, మా ముందునుంచే వెనక గొయ్యి వైపు వెళ్లాడు. బాల్చీలో ముదురు బెల్లంపాకం లాంటి నీరు. తరవాత ఇంకొకటి. దొరసాని ముందు సన్నటి గొట్టంతో కడుపులో నీరు కొద్దికొద్దిగా వదిలిస్తోంది. నీరు తగ్గినకొద్దీ కాంతం పొడవాటి గుడ్డతో కడుపును బిగిస్తూ వచ్చింది, ఒక్కసారిగా బరువు పోయి గుండె ఆగిపోకుండా. ఇది నాకు పుస్తకంవల్ల తెలుసు. గున్నయ్యకు తెలియదు.

"ఉమ్మనీరా పంతులుగారూ?" అని అడిగాడు.

నేను తోటీకి దారి ఇవ్వడానికి కాళ్లు ముడుచుకున్నాను.

"అన్ని బాల్చీలా?" అన్నాడు మళ్లీ, తనలో తాను.

ఎండ వసారా మెట్ల మీదినుంచి లోపలికి జరిగింది. ఒకసారి లోపల దొరసాని గొంతు గట్టిగా వినిపించింది, తరవాత ఏదో పళ్లెం కింద పడ్డ చప్పుడు. సన్యాసయ్య లేచి నిలబడ్డాడు. అసిరమ్మ లేవలేదు. రైలులో ఇచ్చిన అరటిపండు ఆమె కొంగులో ఇంకా ఉంది, నల్లబడిపోయి.

చివరికి దొరసాని వచ్చింది. గౌను ఛాతీదాకా తడిసి ఉంది. చేతిలో తెల్లని పింగాణీ పళ్లెం, దాని మీద గుడ్డ.

"బ్రతికినది," అంది. "ఇప్పటికి బ్రతికి యున్నది."

గున్నయ్య ఆ మాట విన్నాడో లేదో. పళ్లెం వైపు చూస్తున్నాడు. ఆమె ఇచ్చిన మాట ప్రకారం గుడ్డ తీసింది.

ముందుకు వంగింది సన్యాసయ్య. పిండేసిన గొడ్డుతోలు లాంటి సంచి. దానిలో చీలిక. చీలికలోంచి జుట్టు. పొడవుగా, నూనె రాసినట్టు జిడ్డుగా, చుట్టలు చుట్టుకుని, ఆడపిల్ల సవరమంత జుట్టు. పక్కన తెల్లటి ఎముక ముక్కలాంటి దానిలో పళ్లు. మూడో నాలుగో. మనిషి పళ్లు.

సన్యాసయ్య వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కాసేపటికి అన్నాడు. "బిడ్డేరా గున్నయ్యా."

అది బిడ్డ కాకపోతే బాగుపడేది తనే. ఆ మాట అన్నది అతనే.

"ఇది శిశువు కాదు," అంది దొరసాని. "వినుడు. ఈ గ్రంథులలో వెండ్రుకలు, దంతములు పుట్టును. వివాహము కాని బాలికలకు సైతము వచ్చును. ఇది శిశువు కాదు."

"పళ్లున్నాయమ్మా," అంది అసిరమ్మ. "గెడ్డకి పళ్లుంటాయేటి? నెత్తిమీద జుత్తుంటాదేటి?" ఇంక ఆగలేదు. కిందపడి రాగం తీసింది. "ఓ నా నాయనో, నాలుగేళ్లు సీకట్లో కూకున్నావో..." విషజ్వరం ఏడాది కొడుకును, ఇద్దరు మనవలను పోగొట్టుకున్న మనిషి అది. అప్పుడు ఏడవలేదట. ఆ రోజు ఏడ్చింది.

దొరసాని మళ్లీ చెప్పబోయింది. కాంతం ఆమె మోచెయ్యి పట్టుకుంది. దొరసాని పళ్లెం మెట్టు మీద పెట్టి, లోపలికి వెళ్లి, తన గదిలో కూర్చుంది. టీ తెచ్చి పెట్టారు. ఆమె కప్పు దగ్గరకు లాక్కుంది. రెండు చేతులతో పట్టుకుని తాగింది. "నేను నిజము చెప్పితిని కదా?" అని నన్ను అడిగింది. చెప్పారన్నాను. "నా తెలుగు సరిగానే యున్నదా?" సరిగానే ఉందన్నాను.

బిడ్డలను కాల్చరు, పాతుతారు. అదీ సొంత నేలలో. టెక్కలిలో పాతెయ్యమంటే అసిరమ్మ ఒప్పుకోలేదు. వేసవి ఎండలు. ఊరికి చేరేదాకా ఆగదు. దానికి ఆమెకు తెలిసిన ఉపాయం ఒకటే. ఆ తీరంలో ఆడవాళ్లందరికీ తెలిసిందే, చేపకు చేసేది. కుమ్మరివీధినుంచి కొత్తకుండ తెప్పించింది. అడుగున గళ్లుప్పు, మీద ఆ సంచి, దాని చుట్టూ ఉప్పు, మీద మళ్లీ ఉప్పు. మూత పెట్టి, తెల్లగుడ్డతో మూతి కట్టి, పేడమట్టితో మెత్తింది. గున్నయ్య, సన్యాసయ్య ఆ కుండతో చిన్న రైలెక్కారు. వచ్చినప్పటిలాగే ఉప్పు బస్తాల బండిలో.

తరవాతి రోజుల్లో బొడ్డమ్మకు జ్వరం వచ్చింది, తగ్గింది, కుట్టు చీము పట్టింది, ఎండింది. ఆ సంగతులన్నీ ఆసుపత్రి సంగతులు. కాంతం ఆమెకు వచ్చినదేమిటో చెప్పినప్పుడు నేను గుమ్మం అవతల ఉన్నాను.

"జుత్తా?" అంది బొడ్డమ్మ.

"జుత్తు. పళ్లు కూడా."

"నల్లదేనా?"

"నల్లదే."

"ఏమో మరి," అంది బొడ్డమ్మ. చెయ్యి కడుపు మీదికి వెళ్లి, అక్కడ ఏమీ లేక పక్కమీద పడింది. కాంతం అది చూసి బయటికొచ్చి బావిగట్టు మీద కూర్చుంది. బొడ్డమ్మ మాత్రం ఏడవలేదు.

అసిరమ్మ పురుడు పట్టింది. కోడలు బాలింత. కాయం నూరించి తెప్పించింది, వెల్లుల్లి కారం చేయించింది, దొరసాని వద్దంటే దాచి పెట్టింది. కట్టుగుడ్డ మీద మళ్లీ తన గుడ్డ బిగించింది. పక్క మంచం ఆడది ఒకతె అడిగింది, "బాలింతకి పాలు పడలేదేటి?" అని.

"కోతకి వొంట్లో యేడి ఎక్కువైపోయి పాలు ఇంకిపోనాయి," అంది అసిరమ్మ వెంటనే. "నాలుగేళ్ల బిడ్డకి పాలెందుకే, అన్నమే తినీసీవోడు," అని కూడా అంది. ఆ ఆడది నవ్వబోయి, దుప్పటి మీదికి లాక్కుంది.

పంపించేటప్పుడు దొరసాని బొడ్డమ్మను దగ్గరకు పిలిచి, బరువులెత్తవద్దని చెప్పింది. బొడ్డమ్మ ఆమె పాదాలకు దండం పెట్టింది. తన కడుపులోంచి వచ్చినదేమిటో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఆ ఏడాదే నేనూ టెక్కలి వదిలేశాను. తరవాత ఎక్కడెక్కడో తిరిగాను. పలాసలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర కొన్నాళ్లు లెక్కలు రాశాను. ఏడెనిమిదేళ్ల తరవాత అతని పనిమీదే ఉద్దానం తోటలు తిరుగుతూ, తొలకరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక ఇంటి అరుగు మీద మంచినీళ్లడిగాను. చెంబు తెచ్చిన ఆడమనిషి ఒక్క క్షణం నిలబడిపోయింది.

"టెక్కలి పంతులుబాబు కదా?"

నేను గుర్తుపట్టలేదు. ఆమె ఒళ్లు పట్టింది. నడుము గట్టిగా, నిటారుగా ఉంది. రైలులో చూసిన పుల్లల చేతులు ఇవి కావు. గున్నయ్య తోటలో ఉన్నాడంది. ఆయన మారుమనువాడలేదంది. సన్యాసయ్య కూతురిని టెక్కలి అవతల ఇచ్చారు, ముగ్గురు పిల్లలు. అసిరమ్మ పెరట్లో మంచం మీద ఉంది, చూపు ఆనడంలేదు, నోరు మాత్రం తగ్గలేదు. ఇవన్నీ బొడ్డమ్మ నేనడగకుండానే ఒకదాని తరవాత ఒకటి చెప్పింది.

తరవాత అరుగు చివర కూర్చుంది.

"బాబూ, నువ్వు పుస్తకాలు సదివినోడివి. ఆ అమ్మ బీరువాలోయి కూడా సదివీవోడివి, కాంతం సెప్పింది. నాకొకటి సెప్పు. అది బిడ్డా, కాదా?"

నాకు అబద్ధం చెప్పాలని అనిపించలేదు. నిజం చెప్పాలని కూడా పెద్దగా అనిపించలేదు. ఆమె అడిగింది కాబట్టి చెప్పాను. కాదన్నాను. అలాంటి గడ్డలు శరీరంలో వాటంతటవే పుడతాయి. వాటిలో జుట్టు మొలుస్తుంది, పళ్లు వస్తాయి. పదేళ్ల ఆడపిల్లల్లో వచ్చినవి ఉన్నాయని రాశారు. అరుదుగా మగవాళ్లకు కూడా వస్తుందని రాశారు.

"మగోళ్లకా?"

"అరుదుగా."

బొడ్డమ్మ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే. "అలగైతే ఈయనకొచ్చుంటే బాగుండీది బాబూ. సన్యాసి మావ ఎవులికిచ్చీవోడో పిల్లని."

నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఆమె నేల మీద వేలితో ఏదో గీసి చెరిపేసింది.

"కదల్లేదు బాబూ. మా అత్త సేతికింద కూడా కదల్లేదు. నా కడుపు కదా, నాకు తెలీదేటి."

"మరి ఆమె ఎందుకలా అంది?"

"అడగలేదు."

"ఇన్నేళ్లలో?"

"అడిగితే సెప్పాల కదా ఆమె," అంది బొడ్డమ్మ.

పెరట్లోంచి అసిరమ్మ అరిచింది. చూపు లేకపోయినా ఎండ ఎక్కడికొచ్చిందో ఆమెకు తెలుసు. "ఓలి కోడలా! గోతులు తవ్వీసినారంట, గున్నయ్య కబురెట్టినాడు. నువ్వెల్లి దించాల కదేటి. ఎవులితో కబుర్లు?"

"ఎల్తన్నాను అత్తా."

బొడ్డమ్మ లేచి, ఉప్పు బుట్ట తీసుకుంది. నేను చెప్పింది ఆమె అంతకుముందే ఊహించుకుని ఉంటుందనుకున్నాను. లేదా ఊహించకుండా ఉండటానికే ఇన్నేళ్లు ఊరుకుని ఉంటుంది. వెనకే వెళ్లాను, నా పని కూడా ఆ తోటలోనే.

ఇసకలో వరసగా గోతులు. గున్నయ్య నెత్తి నెరిసింది. నన్ను చూసి చేతులు జోడించి, మళ్లీ పార అందుకున్నాడు. తోట అంచున, మొగలి కంచె దగ్గర, ఒకచోట ఇసక కొంచెం ఎత్తుగా ఉండి, దాని మీద చిన్న రాయి ఉంది. అక్కడ ఆగమని ఎవరూ అనలేదు, నేను ఆగలేదు. కూలి ఆడవాళ్లు ఇద్దరు మొలకకాయలు మోసుకొచ్చి గట్టు మీద పేర్చి, దూరంగా నిలబడ్డారు. వాళ్లలో ఒకతె చిన్నది, పెళ్లై రెండు మూడేళ్లై ఉంటుంది, చంకలో బిడ్డ లేదు. ఒకప్పుడు బొడ్డమ్మ నిలబడిన చోటే ఆ చిన్నది నిలబడింది.

బొడ్డమ్మ మొదటి గోతి దగ్గర కూర్చుంది. రెండు గుప్పిళ్ల ఉప్పు వేసింది. బూడిద చల్లింది. మొలకకాయ రెండు చేతులతో అందుకుని, మొలక పైకి వచ్చేలా తిప్పి, గోతిలోకి దించింది. ఆ చేతులు ఒక్క క్షణం కాయ మీద అలాగే ఉన్నాయి, రైలులో కడుపు మీద ఉన్నట్టే. తరవాత ఇసక తోసి, మడమతో తొక్కింది.

"ఇంకోటి తేవే," అంది, ఆ చిన్నదాని వైపు చూడకుండా.